ఖాతా స్తంభించింది, కారణం చెప్పే నాథుడు లేడు

న్యూఢిల్లీ: నూట అయిదు రూపాయలు. దేశ రాజధానిలో తినుబండారాలు అమ్ముకుని జీవించే ఒక చిరు వ్యాపారి బ్యాంకు ఖాతా యావత్తూ స్తంభించిపోవడానికి కారణమైన మొత్తం ఇది. ఎవరో మోసగాడు మరెవరి వద్దనో కాజేసిన సొమ్ములో ఆ మేరకు ఈయన ఖాతాలోకి వచ్చి చేరిందన్నది అభియోగం. మోసంలో ఆయనకు భాగస్వామ్యం ఉన్నదనడానికి ఆధారమేదీ ముందుకు రాలేదు. చివరకు 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుని, ఆ రూ.105 మాత్రం పక్కన ఉంచి ఖాతాను విడుదల చేయవలసిందిగా ఆదేశించింది. ఖాతాను మొత్తంగా బిగించివేయడం జీవనోపాధి హక్కుకే భంగకరమని వ్యాఖ్యానించింది.

నూరు రూపాయల చిల్లర వివాదం హైకోర్టు దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం. అంతకంటే దిగువన దానిని వినే అధికారి ఎవరూ లేకపోవడమే అందుకు కారణం. బ్యాంకును అడిగితే పోలీసుల నుంచి ఆదేశం వచ్చిందంటుంది. స్థానిక పోలీసులను అడిగితే ఆ ఆదేశం తమది కాదు, వేరే రాష్ట్రానిదంటారు. ఆ వేరే రాష్ట్రంలో ఏ ఠాణా, ఏ అధికారి, ఏ ఫిర్యాదు అన్నది తెలుసుకోవడానికే ఖాతాదారుకు వారాలు గడుస్తున్నాయి.

2023లో కేరళలో ఇదే పరిస్థితి పెద్దయెత్తున తలెత్తింది. యూపీఐ ద్వారా సొమ్ము స్వీకరించిన అనేకమంది చిన్న వర్తకులు, సామాన్య ఖాతాదారులు ఒక ఉదయం లేచి చూసేసరికి తమ ఖాతాలు పని చేయడం మానివేశాయి. గుజరాత్ వంటి దూర రాష్ట్రాల సైబర్ పోలీసుల విజ్ఞప్తులే అందుకు మూలమని తరువాత తేలింది. బాధితులు వరుసగా హైకోర్టు తలుపు తట్టారు.

డబ్బు వెంట పరుగు

ఈ వ్యవహారం అర్థం కావాలంటే స్తంభన యంత్రాంగం పనిచేసే తీరు తెలియాలి. సైబర్ నేరగాళ్ల చేతికి సొమ్ము చిక్కితే అది ఒకచోట నిలవదు. మొదట ఒక ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో అయిదారు ఖాతాలకు చీలుతుంది. అక్కడి నుంచి మరో ఇరవై ముప్ఫై ఖాతాలకు పాకుతుంది. పోలీసులు వీటిని మొదటి అంచె, రెండో అంచె, మూడో అంచె అని వ్యవహరిస్తారు. తొలి అంచెల్లో ఉండేవి చాలావరకు కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలు. బ్యాంకు పరిభాషలో వీటినే మ్యూల్ ఖాతాలంటున్నారు. అయితే అంచెలు దిగుతున్న కొద్దీ ఆ సొమ్ము మామూలు బజారులో కలిసిపోతుంది. మోసగాడు కూడా టీ తాగుతాడు, ఫోను కొంటాడు, బంగారం కొంటాడు, బండిలో పెట్రోలు పోయించుకుంటాడు. అక్కడ క్యూఆర్ పలక పెట్టుకుని కూర్చున్న వర్తకుడికి ఆ డబ్బు మంచిదో చెడ్డదో తెలిసే మార్గం లేదు.

ఒక ఉదాహరణ ఊహించుకోవచ్చు. విజయవాడలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు అయిదు లక్షలు పోగొట్టుకుని ఫిర్యాదు చేశారనుకుందాం. అందులో ఎనిమిది వేలు నాలుగు ఖాతాలు దాటి కొచ్చిలోని ఒక సెల్‌ఫోన్ దుకాణానికి చేరితే, ఆ ఫోను అమ్మిన వర్తకుడి ఖాతా కూడా జాబితాలోకి ఎక్కుతుంది. ఆయన విజయవాడ ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

ఈ జాబితా తయారుచేసే వ్యవస్థకు కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం సూత్రధారి. 2021లో పౌర ఆర్థిక సైబర్ మోసాల నివేదన వ్యవస్థను ఏర్పాటు చేసి పోలీసులను, బ్యాంకులను ఒకే గొలుసులో కూర్చారు. ఇప్పుడు 1930 నంబరుకు ఫోను చేస్తే ఫిర్యాదు నేరుగా ఈ గొలుసులోకి ప్రవేశిస్తుంది. సొమ్ము ఏ బ్యాంకుకు చేరిందో ఆ బ్యాంకు దానిని అక్కడే పట్టి ఉంచాలి. దాటిపోయి ఉంటే తరువాతి బ్యాంకు పేరు చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ నమోదు కాకముందే ఇదంతా జరిగిపోతుంది. వేగమే దీని ప్రాణం.

ఆ వేగం అనవసరమని ఎవరూ అనలేరు. హోం శాఖ పార్లమెంటుకు సమర్పించిన లెక్కల ప్రకారం 2023లో దేశ ప్రజలు సైబర్ మోసాల్లో పోగొట్టుకున్నది రూ.7,465 కోట్లు కాగా, 2024లో అది రూ.22,845 కోట్లకు ఎగబాకింది. ఒక్క ఏడాదిలో మూడింతలు. వ్యవస్థ ఆరంభమైన నాటి నుంచి 2025 మధ్యకాలం వరకు 17.82 లక్షల ఫిర్యాదుల్లో రూ.5,489 కోట్లు దుండగుల చేతికి చిక్కకుండా కాపాడగలిగామని ప్రభుత్వం చెబుతున్నది. పింఛను సొమ్మంతా పోగొట్టుకున్న వృద్ధుడి పక్షాన ఆలోచిస్తే, ముందు పట్టుకోవడం, తరువాత విచారించడం తప్ప గత్యంతరం లేదు. 2025 డిసెంబరులో ‘డిజిటల్ అరెస్టు’ మోసాల కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు కూడా, అనుమానిత ఖాతాలను గుర్తించి స్తంభింపజేయడానికి కృత్రిమ మేధను ఎందుకు వినియోగించడం లేదని రిజర్వు బ్యాంకును ప్రశ్నించింది. కాబట్టి రాబోయే రోజుల్లో స్తంభనలు పెరుగుతాయే తప్ప తగ్గవు. రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ రూపొందించిన ‘మ్యూల్ హంటర్’ అనే యంత్ర మేధ ఇప్పటికే రంగంలో ఉన్నది.

అయితే చిక్కంతా ఇక్కడే ఉన్నది. నిమిషాల్లో ఖాతాను బిగించగల ఈ గొలుసు, బిగించినట్లు ఆ ఖాతాదారుకు ఒక్క వాక్యం రాయదు. పది రూపాయలు డెబిట్ అయితే ఫోనుకు సందేశం పంపే బ్యాంకు, ఖాతా మొత్తం స్తంభించినప్పుడు మౌనం వహిస్తున్నది. కూరగాయల మండీలో సరకు తూకం వేయించుకుని డబ్బు పంపబోయినప్పుడు గానీ వర్తకుడికి సంగతి తెలియదు.

పట్టుకోవడానికి ఒక సెక్షన్, జప్తుకు మరొకటి

ఈ అధికారానికి చట్టంలోని మూలం చాలా పాతది. దొంగసొత్తు అని గాని, నేరంతో సంబంధమున్నదని గాని అనుమానించదగిన ఆస్తిని పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చునని 1973 నాటి నేర విచారణ స్మృతిలోని 102వ సెక్షన్ చెప్పింది. సైకిలు, గడియారం, నగల మూట వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది. బ్యాంకు ఖాతా ఈ ‘ఆస్తి’ కిందకు వస్తుందా, రాదా అన్న విషయమై హైకోర్టులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చగా, 1999 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వానికి, తపస్ నియోగికి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు వస్తుందని తేల్చింది. అది అవినీతి నిరోధక చట్టం కింద అభియోగాలెదుర్కొన్న ప్రభుత్వోద్యోగి కేసు. ఆనాడు ఖాతా అంటే పొదుపు చేసుకున్న సొమ్ము దాచుకునే చోటు. ఖాతా స్తంభించినా ఇంట్లో నగదుతో రోజు గడిచేది. 2016లో యూపీఐ రంగప్రవేశం చేసిన తరువాత పరిస్థితి తలకిందులైంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు రెండు వేల కోట్లు దాటాయి. ఈనాడు చిరు వ్యాపారికి ఖాతాయే గల్లాపెట్టె. దానిని బిగించడమంటే దుకాణం తలుపులకు తాళం వేయడమే. ఆ తేడా చట్టంలోకి ఎక్కలేదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో పాత 102వ సెక్షన్ దాదాపు యథాతథంగా 106గా మారింది. దాని పక్కనే 107 అనే కొత్త సెక్షన్ చేర్చారు. నేరం ద్వారా సమకూరిన ఆస్తిని జప్తు చేయాలంటే పోలీసులు పై అధికారి అనుమతితో న్యాయస్థానాన్ని ఆశ్రయించాలని, న్యాయస్థానం సంబంధిత వ్యక్తికి పద్నాలుగు రోజుల గడువుతో సంజాయిషీ నోటీసు ఇవ్వాలని ఈ సెక్షన్ నిర్దేశిస్తున్నది. నోటీసు ఇస్తే సొమ్ము మాయమయ్యే ప్రమాదముంటే ముందుగా తాత్కాలిక ఉత్తర్వు జారీ చేసే వెసులుబాటూ ఉన్నది. అంటే వేగానికీ, వినికిడికీ రెంటికీ చోటిచ్చిన నిబంధన ఇది. కానీ ఆచరణలో పోలీసులకు సులువైనది 106. అందులో ముందస్తు నోటీసు లేదు, గడువు లేదు. నేరార్జిత సొమ్మును పట్టి ఉంచాలంటే 107నే ఆశ్రయించాలని కేరళ హైకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఆ మాట అన్ని రాష్ట్రాల ఠాణాలకూ చేరినట్లు లేదు.

స్వాధీనం చేసుకున్న విషయాన్ని వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలన్న షరతు పాత చట్టంలోనూ ఉన్నది, కొత్త చట్టంలోనూ ఉన్నది. ఖాతాదారుకు ఇదొక్కటే రక్షణ కవచం. అయితే తెలియజేయడంలో జాప్యం జరిగినంత మాత్రాన స్తంభన చెల్లకుండా పోదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జాప్యానికి బాధ్యుడైన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చునన్నది. ఆ చర్య వల్ల ఖాతాదారుకు ఒరిగేదేమీ లేదు.

కేరళ కేసుల విషయంలో 2023లో ఆ రాష్ట్ర హైకోర్టు చూపిన మార్గం మాత్రం ఆచరణయోగ్యంగా ఉన్నది. పోలీసుల లేఖలో పేర్కొన్న మొత్తం మేరకే స్తంభన పరిమితం కావాలని, మిగతా సొమ్మును ఖాతాదారు వాడుకోనివ్వాలని బ్యాంకులను ఆదేశించింది. స్తంభన కొనసాగించాలా వద్దా, కొనసాగిస్తే ఎంతకాలమన్నది ఎనిమిది నెలల్లోగా బ్యాంకులకు తెలియజేయాలని పోలీసులకు సూచించింది. ఆ తరువాత అనేక హైకోర్టులు ఇదే బాట పట్టాయి.

తెలంగాణ సైబర్ పోలీసుల దర్యాప్తుతో ముడిపడిన ఒక ఖాతా వ్యవహారం 2024 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. అనుమానం ఉన్నది సుమారు రెండున్నర లక్షల రూపాయల మీద. ఖాతాలో ఉన్నది తొమ్మిది లక్షలకు పైగా. స్తంభించింది మొత్తం. ఖాతాదారు ఏడాదికి పైగా నిరీక్షించాడు. అనుమానిత మొత్తాన్ని, కాలపరిమితిని పేర్కొనకుండా ఖాతా యావత్తునూ బిగించే అధికారం పోలీసులకు లేదని ఆ న్యాయస్థానం అభిప్రాయపడింది. తెలంగాణ పోలీసులే మరోవైపు లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పించడంలో దేశంలో ముందు వరసలో ఉన్నారన్నది కూడా చెప్పుకోవాలి. పట్టిన సొమ్ము అసలు యజమానికి త్వరగా చేరితే, మధ్యలోని ఖాతాలు కూడా త్వరగా విముక్తమవుతాయి. ఫైలు ముగిసేది అప్పుడే.

బ్యాంకు బాధ్యత ఎంత?

పోలీసుల లేఖ అడ్డుపెట్టుకుని బ్యాంకులు తమ బాధ్యతను సులువుగా దులుపుకుంటున్నాయి. లేఖలో రూ.5,000 అని ఉన్నా, ఎందుకొచ్చిన గొడవ అని ఖాతా మొత్తం మూసివేయడం బ్యాంకు మేనేజరుకు క్షేమకరం. తక్కువ పట్టి ఉంచితే రేపు ప్రశ్న తనను అడుగుతారు. ఎక్కువ పట్టి ఉంచితే నష్టం ఖాతాదారుది.

పోలీసుల ప్రమేయం లేకుండా బ్యాంకు తనంతట తానే లావాదేవీలు నిలిపివేసే సందర్భాల్లో మౌనానికి మరో కారణం చూపుతారు. అనుమానాస్పద లావాదేవీల గురించి కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి నివేదిక పంపినట్లు ఖాతాదారుకు చెప్పరాదని నల్లధన చలామణి నిరోధక నిబంధనలు నిషేధిస్తున్న మాట వాస్తవం. దొంగను ముందే హెచ్చరించినట్లవుతుందన్నది అందులోని ఉద్దేశం. కానీ అదే రిజర్వు బ్యాంకు, కేవలం అటువంటి నివేదిక పంపినంత మాత్రాన ఖాతా లావాదేవీలపై ఆంక్షలు విధించరాదని కూడా బ్యాంకులకు స్పష్టంగా నిర్దేశించింది. మొదటి సగం బ్యాంకులకు బాగా గుర్తుంటుంది, రెండో సగం గుర్తుండదు.

ఒకప్పుడు బ్యాంకింగ్ నియమావళి, ప్రమాణాల మండలి అనే సంస్థ ఉండేది. సాధారణ పరిస్థితుల్లో కారణం తెలుపుతూ కనీసం ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వకుండా ఖాతా మూసివేయబోమని, దాని నియమావళికి కట్టుబడిన బ్యాంకులు ఖాతాదారులకు హామీ ఇచ్చేవి. ఆ మండలి రద్దయిపోయింది. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు కదా అంటే, 2021లో ప్రవేశపెట్టిన సమగ్ర అంబుడ్స్‌మన్ పథకం చట్టాన్ని అమలు చేసే సంస్థల ఆదేశాల మేరకు బ్యాంకు తీసుకున్న చర్యపై ఫిర్యాదులను పరిధి నుంచి మినహాయించింది. స్తంభనల్లో అత్యధికం ఈ కోవలోకే వస్తాయి గనుక ఆ ద్వారమూ మూసుకున్నట్లే.

ఒక బ్యాంకుపై రిజర్వు బ్యాంకు చర్య తీసుకున్నప్పుడు ఎంత సావకాశం ఇచ్చిందో దీనితో పోల్చి చూడవచ్చు. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు ప్రకటించి, ఫిబ్రవరి 29 తరువాత కొత్త జమలు స్వీకరించరాదన్నది. తరువాత ఆ గడువును మార్చి 15కు పొడిగించింది. ఖాతాదారులు తమ సొమ్ము తీసుకోవడానికి, వాడుకోవడానికి ఆటంకం లేదని చెప్పింది. ప్రశ్నలు, జవాబుల రూపంలో వివరణ సైతం ప్రచురించింది. నిబంధనలు ఉల్లంఘించిందని తేల్చిన సంస్థకు ఆరు వారాలు. ఏ నిబంధనా ఉల్లంఘించని చిల్లర వర్తకుడికి ఆరు నిమిషాలు కూడా లేవు.

బ్రిటన్‌లో ఈ విషయం 2023లో పెద్ద రాజకీయ దుమారం రేపింది. కూట్స్ బ్యాంకు నైజెల్ ఫరాజ్ అనే రాజకీయ నాయకుడి ఖాతాను మూసివేయడం, ఆయన బ్యాంకు అంతర్గత పత్రాలను చట్టప్రకారం రాబట్టి బయటపెట్టడం, మాతృసంస్థ నాట్‌వెస్ట్ అధినేత్రి పదవి నుంచి వైదొలగడం చకచకా జరిగిపోయాయి. ఫలితంగా అక్కడ నిబంధనలు మారాయి. 2026 ఏప్రిల్ 28 నుంచి కుదిరే ఒప్పందాల విషయంలో ఖాతా మూసేముందు తొంభై రోజుల నోటీసు, తగిన కారణం తెలపడం తప్పనిసరి. తీవ్ర నేరాల అనుమానం ఉన్నచోట మినహాయింపు ఉన్నది. పలుకుబడి గల ఒక్కరికి జరిగిన పరాభవం అక్కడ చట్టాన్ని కదిలించింది. మన దేశంలో ఎవరి కేసు వారిది. రిట్ పిటిషన్ వేసినవారి ఖాతా తెరుచుకుంటుంది, వేయలేనివారిది మూసే ఉంటుంది. న్యాయవాది ఫీజు, పొరుగు రాష్ట్రానికి రైలు ఖర్చు లెక్క వేసుకుంటే పట్టి ఉంచిన సొమ్ముకు మించిపోతుండడంతో, ఆ ఖాతాను అలాగే వదిలివేసి మరో బ్యాంకులో తెరుచుకోవడమే మేలని భావించేవారూ ఉన్నారు.

ఈ నేపథ్యంలో 2026 జనవరిలో కేంద్ర హోం శాఖ ఆమోదించిన కార్యాచరణ విధానం కొంత ఊరట కలిగించేదే. రూ.50,000 లోపు మొత్తాలను న్యాయస్థానం ఉత్తర్వు లేకుండానే బాధితులకు తిరిగి చెల్లించవచ్చునని అది చెబుతున్నది. న్యాయస్థానం నుంచి గాని, సొమ్ము పునరుద్ధరణకు సంబంధించి గాని ఏ ఉత్తర్వూ రాని పక్షంలో బ్యాంకులు తొంభై రోజుల్లోగా పట్టు సడలించాలని నిర్దేశిస్తున్నది. గడువంటూ ఒకటి ఏర్పడడం మంచి మలుపు. కాకపోతే రోజువారీ సరకు అరువు మీద తెచ్చి, సాయంత్రానికి బాకీ తీర్చే వ్యాపారికి తొంభై రోజులంటే మూడు నెలల వడ్డీ. పైగా ఆ తొంభై రోజులు ఎప్పటి నుంచి లెక్కకు వస్తాయో తెలియాలంటే ఏ రోజున ఖాతా బిగిసిందో ఆయనకు లిఖితపూర్వకంగా తెలియాలి. ఫిర్యాదు సంఖ్య, ఆదేశించిన ఠాణా పేరు, అనుమానిత మొత్తం, తేదీ ఈ నాలుగూ బ్యాంకు కంప్యూటర్లలో ఉన్నవే. ఖాతాదారు ఫోనుకు పంపడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు, రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ చాలు.

హోం శాఖ పార్లమెంటు ముందుంచిన పై లెక్కల్లో పోయిన సొమ్మెంతో, కాపాడిన సొమ్మెంతో ఉన్నది. ఆ క్రమంలో స్తంభించిన ఖాతాల్లో చివరకు నిర్దోషులవిగా తేలినవెన్ని, అవి తెరుచుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందన్న పద్దు అందులో లేదు. తదుపరి సమావేశాల్లో ఏ సభ్యుడైనా ఆ ప్రశ్న వేస్తే, జవాబు కూర్చడానికి అవసరమైన సమాచారమంతా 1930 వ్యవస్థలోనే ఉన్నది.